బల్ల కాలి కింద పుస్తకం

మా తాత స్క్రూలు విప్పేటప్పుడు వాటిని పెదాల మధ్య పట్టుకునేవాడు. డబ్బాలో వేస్తే వెతుక్కోవాలట, బల్ల మీద పెడితే దొర్లిపోతాయట. అందుకని పని చేస్తున్నంతసేపూ ఎవరేం అడిగినా "ఊఁ" అనో "ఊహూఁ" అనో తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అది చూసి వచ్చినవాళ్ళు, అబ్బో, ఎంత నిదానమైన మనిషో అనుకునేవాళ్ళు. మా అమ్మమ్మ మాత్రం, "నోట్లో స్క్రూలున్నంతసేపే ఈయన నోరు మంచిది" అనేది.

నవ్వులాటకే అనేది. కానీ ఒకరోజు నోట్లో స్క్రూలు లేనప్పుడు మా తాత అన్న ఒక్క మాటకి వెనక వీధిలో ఒక కొట్టు మూతపడింది. ఆ కొట్టు ఆయన ప్రాణస్నేహితుడిది. ఆ మాట తప్పని తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

మా తాత ఏ పనీ ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోలేదు. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. ఏ వస్తువు జనం ఇళ్ళలోకి వస్తే దాని వెనకాలే ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళాడు. చదువులో ఆయన ఎనిమిది దగ్గర ఆగాడు, నేను తొమ్మిది దగ్గర. "నీకంటే ఒక క్లాసు ఎక్కువే చదివాను తాతా" అని నేనంటే, "అందుకే నీకు నాకంటే ఒక పని తక్కువ వచ్చు" అనేవాడు.

మా ఇంటి ముందుగదే షాపు. కిటికీ కింద పొడవాటి చెక్కబల్ల. దానికి ఒక చివర ఆయన కంప్యూటర్లు విప్పేవాడు, ఇంకో చివర నేను ఫోన్లకి పగిలిన అద్దాలు మార్చేదాన్ని. బల్లకి నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిది. దాని కింద పుస్తకాలు దొంతరగా పెట్టి సరిచేశాడు. కొత్త మదర్‌బోర్డు కొంటే ఆ డబ్బాలో ఒక చిన్న పుస్తకం వస్తుంది, ఏది ఎక్కడ గుచ్చాలో, ఏ సెట్టింగు ఎలా మార్చాలో చెప్పేది. మా తాత దాన్ని విప్పి చూసిన పాపాన పోలేదు. డబ్బాలోంచి తియ్యగానే బల్ల కాలి కిందికి తోసేవాడు. కింద ఉన్నవి అణిగిపోయే కొద్దీ పైన కొత్తవి చేరేవి. "పుస్తకం చూసి బాగుచేసేవాడు మెకానిక్కా?" అనేవాడు. అసలు సంగతేమిటంటే అవి ఇంగ్లీషులో ఉంటాయి, అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి. ఆ సంగతి ఆయన ఒప్పుకునేవాడు కాదు. నేను గుర్తుచెయ్యకుండా ఊరుకునేదాన్నీ కాదు.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. కంప్యూటరు బాగుచేశాక దాని డబ్బా మూత లోపలివైపు చాక్‌పీసుతో ఒక అంకె వేసేవాడు. ఆ కంప్యూటరు ఎంత స్పీడులో నడుస్తోందో తెర మీద తన కళ్ళతో చూసిన అంకె. కంపెనీవాడు ఏం రాశాడో ఆయనకి అనవసరం. "పెట్టె మీద ఎవడైనా ఏమైనా రాస్తాడు. తెర మీద పడిందే నిజం" అనేవాడు. జనానికి ఆ చాక్‌పీసు అంకె మీద ఎంత గురి అంటే, పాత కంప్యూటరు అమ్మేవాళ్ళు మూత విప్పి చూపించి, "ఇదిగో, మెకానిక్ గారే వేశారు" అని చెప్పుకునేవాళ్ళు.

ఇక ఆ స్నేహితుడు. ఆయన్ని అందరూ పెట్టెలాయన అనేవాళ్ళు, నేను పెట్టెల తాత అనేదాన్ని. మా ఇంటి వెనక వీధిలో ఆయనకి కంప్యూటరు విడిభాగాల కొట్టు ఉండేది. నేల నుంచి కప్పు దాకా పెట్టెలే. రంగుల వారీగా, సైజుల వారీగా, ఒక్క అంచు బయటికి రాకుండా సర్దేవాడు. తమాషా ఏమిటంటే ఆ పెట్టెల్లో ఉన్నది ఏం పని చేస్తుందో ఆయనకి తెలీదు. ఎవరైనా వచ్చి ఇది దానికి సరిపోతుందా అని అడిగితే, కుర్రాణ్ణి పంపినట్టు తనే పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చి, "ఏరా, ఇది దానికి పడుతుందా?" అని అడిగి వెళ్ళేవాడు. మా తాతకి లోపలి సంగతి తెలుసు, బయటి పెట్టె అంటే చిరాకు. ఆయనకి పెట్టె తెలుసు, లోపలి సంగతి తెలీదు. ఇద్దరినీ కలిపితే ఒక పూర్తి మనిషి తయారయ్యేవాడని అమ్మమ్మ వెక్కిరించేది. నలభై ఏళ్ళ స్నేహం. రోజూ పదకొండింటికి పెట్టెల తాత భార్య ఫ్లాస్కులో టీ పోసుకుని కూరల మార్కెట్టుకి వెళ్తూ వెళ్తూ మా ఇంట్లో ఇచ్చి, అమ్మమ్మతో పావుగంట కబుర్లు చెప్పి వెళ్ళేది. ఆవిణ్ణి నేను మామ్మ అనేదాన్ని.

ఆరేళ్ళ కిందట ఒకరోజు, పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికించే ఒకాయన తన కంప్యూటరు తెచ్చి, పెట్టెల తాత కొట్లో కొన్న కొత్త ర్యామ్ వేయించినా నత్తలా నడుస్తోందన్నాడు. ర్యామ్ అంటే వేలెడు వెడల్పు, జానెడు పొడవు ఉండే ఆకుపచ్చ పట్టీ. కంప్యూటరు అప్పటికప్పుడు చేస్తున్న పనంతా దాని మీదే పరుచుకుంటుంది. ఎంత వేగంగా అందిస్తుందో దాని మీద అంటించిన కాగితంలో ఒక అంకె ఉంటుంది. ఆ పట్టీ మీద 3200 అని ఉంది. మా తాత తెర మీద చూస్తే 2133 పడింది.

ఆయన తనకి తెలిసిన వైద్యమంతా చేశాడు. పట్టీ ఊడదీసి, దాని బంగారు రంగు పళ్ళని పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. గాడిలో దుమ్ము ఊదాడు. గాడి మార్చి చూశాడు. అంకె కదల్లేదు. పెట్టెల తాత కొట్టు నుంచి అదే రకం ఇంకో నాలుగు తెప్పించి చూశాడు. అన్నిటికీ అదే అంకె. అంతకుముందు వచ్చిన పాతరకం పట్టీలు కాగితం మీద ఎంతుంటే తెర మీద అంతే చూపించేవి. ఒక్కటీ అబద్ధమాడలేదు. ఇవన్నీ ఆడుతున్నాయి.

మా తాత ఆ పట్టీ పట్టుకుని తిన్నగా కొట్టుకి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను, గొడవంటే నాకు అప్పట్లో సరదా. కొట్లో నలుగురైదుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళ ముందే అడిగేశాడు.

"ఏరా, ఈ సరుకు ఎక్కడి నుంచి తెస్తున్నావు?"

"ఎప్పుడూ తెచ్చేచోటే. ఏం?"

"లేబులు దొంగది. మూడువేల రెండొందలని రాశాడు, రెండువేలు చిల్లర కూడా కష్టంగా నడుస్తోంది."

పెట్టెల తాత మొహం పాలిపోయింది. "నేను సీలు విప్పలేదురా. వచ్చిన పెట్టె వచ్చినట్టే ఇచ్చాను" అన్నాడు.

"సీలు కూడా అచ్చేస్తారు."

"నువ్వు చూశావా?"

"నా కళ్ళతో చూశాను. నీ పట్టీలు అయిదూ చూశాను."

పెట్టెల తాత ఆ పట్టీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "నువ్వు చూశానంటే ఇంక నేనేం చెప్పను" అన్నాడు.

మా తాత ఆ మాటని ఒప్పుకోలు కింద తీసుకున్నాడు. ఇంటికొచ్చి, తెలిసే అమ్మాడన్నాడు. తెలీకపోతే గట్టిగా పోట్లాడేవాడు కదా అన్నాడు. అమ్మమ్మ ఆయన వంక చూసి, "ఇవాళ నోట్లో స్క్రూలు ఉండుంటే ఎంత బాగుండేది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏ కంప్యూటరు వచ్చినా, దాంట్లో పెట్టెలాయన కొట్టు పట్టీ ఉంటే, మూత లోపల చాక్‌పీసుతో రెండంకెలు పడేవి: పెట్టె మీద 3200, అసలు 2133. తర్వాత తర్వాత వేరేచోట కొన్న పట్టీలు అలా చూపించినా, అవీ దొంగ సరుకేననుకునేవాడు. మా తాత ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు, ఎవరి మీదా చాడీలు చెప్పే మనిషి కాదు. కానీ ఆ మూతలే చెప్పుకుంటూ పోయాయి. జనం పట్టీలు వెనక్కి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. పెట్టెల తాత ఎవరితోనూ వాదించకుండా అన్నీ వెనక్కి తీసుకున్నాడు. ఏడాది తిరక్కుండా కొట్టు మూసేశాడు. ఇప్పుడక్కడ చెప్పుల దుకాణం. ఆయన, మామ్మ ఆ దుకాణం మీది రెండు గదుల్లోనే ఉండేవాళ్ళు.

టీ ఫ్లాస్కు ఆగిపోయింది. మామ్మ మా గుమ్మం ముందు నుంచి నడవడమే మానేసింది. కోపం వచ్చిందనుకున్నాం. అమ్మమ్మ కొన్నాళ్ళు పదకొండింటికి వాకిట్లోకి వచ్చి నిలబడేది, ఏదో దులుపుతున్నట్టు. తర్వాత అదీ మానేసింది.

పోయినేడు మామ్మ పోయింది. ఆ రోజు మా తాత చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఆ వీధి మొగదాకా వెళ్ళి, అక్కడ కరెంటు స్తంభం దగ్గర నిలబడి, అటు చూసి, వెనక్కి వచ్చేశాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, ఎవరూ అడక్కపోయినా, జనం ఎక్కువున్నారని చెప్పాడు. నేను ఆ రోజు వెక్కిరించలేదు.

ఈ ఏడాది వేసవిలో ఇళ్ళకి ప్లాన్లు గీసే ఒకాయన రెండు కంప్యూటర్లతో వచ్చాడు. రెండూ ఒకేలాంటివి. ఒకే బోర్డు, ఒకే ప్రాసెసరు, ఒకేరోజు ఒకేచోట కొన్న ర్యామ్. ఒకటి వేరే ఊళ్ళో పెద్ద షాపులో బిగించి ఇచ్చారు, రెండోది నెల కిందట మా తాత బిగించాడు. మొదటిది 3200 చూపిస్తోంది. మా తాత బిగించింది 2133 చూపిస్తోంది.

"తాతగారూ, తప్పుగా అనుకోకండి" అన్నాడాయన. "దీంట్లో ఏదో తేడా ఉంది."

మా తాత నోట్లో నాలుగు స్క్రూలున్నాయి. "ఊఁ" అన్నాడు. ఆ ప్లాన్లాయన వెళ్ళాక స్క్రూలు తీసి, ఆ రెండు పట్టీలూ దొంగ సరుకు అయివుంటాయి, పెద్దషాపు వాడివి మాత్రం మంచివి పడ్డాయి అన్నాడు.

"అయితే అటువి ఇటూ ఇటువి అటూ మార్చి చూడు" అన్నాను.

మార్చాడు. దొంగ పట్టీలు మొదటి కంప్యూటర్లోకి వెళ్ళగానే 3200 చూపించాయి. మంచి పట్టీలు మా తాత కంప్యూటర్లోకి వచ్చి 2133 చూపించాయి.

ఆయన ఇంకోసారి మార్చాడు. మళ్ళీ అంతే. కళ్ళజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి. అప్పుడు నాకు అర్థం కాలేదు, ఆయన అన్నిసార్లు ఎందుకు మారుస్తున్నాడో. తర్వాత తట్టింది. పట్టీల తప్పు కాకపోతే, ఆరేళ్ళ కిందటివి కూడా పట్టీల తప్పు కాకపోవచ్చు.

రెండు రోజులు ఆయన అన్నం కూడా ఆ బల్ల దగ్గరే తిన్నాడు. రబ్బరు పెట్టి రుద్దాడు, ఊదాడు, ప్రాసెసరు పైకి తీసి కింది ముళ్ళు వంగాయేమో భూతద్దంతో చూశాడు. అంతా సవ్యంగానే ఉంది. మూడోరోజు పొద్దున నేను బల్ల కింద కూర్చుని, పొట్టికాలి కింద నుంచి పైనున్న పుస్తకం లాగాను. నెల కిందట ఆ బోర్డుతో వచ్చింది అదే. బల్ల పక్కకి ఒరిగి నా ఫోను అద్దాలు రెండు కింద పడ్డాయి.

"ఏం చేస్తున్నావే?"

"చదువుకుంటున్నాను తాతా. ఒక క్లాసు ఎక్కువ చదివినందుకు ఏదో ఒకటి చెయ్యాలిగా."

నా ఇంగ్లీషు ఎంత చక్కగా ఉంటుందంటే, ఒక పేజీకి ఒక పూట పడుతుంది. ఫోన్లో ఒక్కో మాటకి అర్థం వెతుక్కుంటూ మధ్యాహ్నానికి ర్యామ్ పేజీ దాటాను. దాంట్లో ఉన్నది ఇంతే: కొత్తరకం పట్టీ పెట్టగానే బోర్డు దాన్ని నమ్మదు. భద్రంగా ఉండే తక్కువ స్పీడులోనే నడుపుతుంది, కొత్తగా వచ్చిన డ్రైవరు పక్కవీధి దాకా మెల్లగా తోలినట్టు. పట్టీ మీద రాసిన స్పీడు కావాలంటే, కంప్యూటరు ఆన్ చెయ్యగానే ఒక మీట నొక్కి, సెట్టింగుల్లోకి వెళ్ళి, రాసిన స్పీడులో నడుపు అని మనమే చెప్పాలి. చెప్పేదాకా అది అడగదు.

మా తాత విన్నాడు. "ఎవరో ఒకరు చెప్పాలా దానికి?" అన్నాడు.

"ఆఁ. పుస్తకంలో ఉంది."

సెట్టింగుల్లోకి వెళ్ళాం. ఆ ఎంట్రీ దొరికింది. ఆయన వేలు మీట మీద చాలాసేపు ఆగింది, తర్వాత నొక్కింది. కంప్యూటరు ఆగింది. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది.

అప్పుడు మా తాత మొహంలో వచ్చిన వెలుగు చూడాలి. ఆరేళ్ళు చిన్నవాడైపోయాడు. "చూశావా! ఆ స్పీడుకి తట్టుకోలేకపోతోంది. నేను చెప్పలేదూ, పైపై రాతలని" అన్నాడు. అమ్మమ్మని పిలిచి కూడా చెప్పాడు. అమ్మమ్మ గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది. ఆయన ఓడిపోతే బాగుండునని ఆవిడ అనుకుంటోందో, గెలిస్తే బాగుండునని అనుకుంటోందో నాకు తెలియలేదు. నేనైతే ఆయన గెలిస్తే బాగుండునని అనుకున్నాను. పుస్తకం అక్కడే మూసేసి మళ్ళీ కాలి కింద పెట్టేసేదాన్నేమో. కానీ పక్క పేజీలో ఒక బొమ్మ ఉంది.

బోర్డు మీద పట్టీలు గుచ్చే గాళ్ళు నాలుగుంటాయి. మా తాత రెండు పట్టీలుంటే మొదటి రెండిట్లో, పక్కపక్కన పెట్టేవాడు. పాతవాటికి ఎలా పెట్టినా నడిచేది. ఈ బొమ్మలో రెండోదీ నాలుగోదీ నల్లగా పూసి ఉన్నాయి. ఆ రెండిట్లో పెడితేనే ఆ వేగం తట్టుకుంటుందట.

"తాతా, రెండూ నాలుగూ" అన్నాను, చిన్నగా.

ఆయన వినపడనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత లేచి, కంప్యూటరు ఆపి, పెట్టిన సెట్టింగు పోయేలా బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ ఊడదీసి, ఐదు నిమిషాలు దాన్ని అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ పెట్టాడు. పట్టీలు రెండులోకీ నాలుగులోకీ మార్చాడు. సెట్టింగు మళ్ళీ నొక్కాడు.

ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. 3200.

నేను ఆయన నోటివైపు చూశాను. స్క్రూలు లేవు. అయినా ఒక్క మాట రాలేదు. అమ్మమ్మ వచ్చి తెర చూసి, అంకె అర్థమై, "పెట్టెల అన్నయ్యగారివి కూడా ఇంతేనా?" అని మాత్రం అడిగింది. ఆయన తల ఊపాడు.

మర్నాటి నుంచి మా తాత ఒక తడిగుడ్డ, ఒక స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ఆరేళ్ళలో రెండంకెలు వేసిన కంప్యూటర్లు ఎక్కడెక్కడున్నాయో ఆయనకి గుర్తే. మూత విప్పి, ఆ రాత తుడిచి, వాళ్ళతో, "నాదే తప్పు, పెట్టెలాయన సరుకు మంచిదే" అని చెప్పేవాడు. సగం కంప్యూటర్లు పాతసామాన్లవాడికి వెళ్ళిపోయాయి. ఉన్నవాళ్ళలో సగంమందికి పెట్టెలాయన ఎవరో గుర్తు లేదు. ఒకావిడ, ఇంత చిన్న సంగతి చెప్పడానికి ఇంత ఎండలో వచ్చారా అని మంచినీళ్ళిచ్చి పంపించిందట. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి, చిన్న సంగతట, చిన్న సంగతట అని రెండు మూడుసార్లు అనుకున్నాడు.

ఇలా పదిహేను రోజులు గడిచాయి. ఊరంతా తిరిగాడు గానీ వెనక వీధికి వెళ్ళలేదు. చివరికి నేనే అన్నాను.

"తాతా, అందరికీ చెప్పావు. పెట్టెల తాతకి ఉత్తరం ముక్క రాస్తావా, నన్నే వెళ్ళి చెప్పి రమ్మంటావా?"

"నోర్ముయ్" అన్నాడు. కానీ సాయంత్రం చొక్కా వేసుకున్నాడు.

విడిభాగాలు పెట్టి చూసుకునే మా పరీక్ష కంప్యూటరుని ఆయనొక పక్కా నేనొక పక్కా పట్టుకుని, చెప్పుల దుకాణం పక్కనున్న మెట్లెక్కాం. పెట్టెల తాత తలుపు తీశాడు. బాగా సన్నబడ్డాడు. నలభై ఏళ్ళు "ఏరా" అని పిలిచిన మనిషి, "రండి, కూర్చోండి" అన్నాడు. మా తాతకి మెట్లెక్కిన ఆయాసం కంటే ఆ "రండి" ఎక్కువ తగిలింది. కూర్చోలేదు.

గది చిన్నది. వంటసామాను కూడా అంచులు కలిపి, సైజుల వారీగా సర్ది ఉంది. గోడకి మామ్మ ఫోటో. దాని కింద ఆవిడ కళ్ళజోడు, కూరల సంచి మడతపెట్టి.

మా తాత నిలబడే చెప్పాడు. ఎక్కడా తనని వెనకేసుకు రాలేదు. పుస్తకం సంగతి, గాళ్ళ సంగతి, సెట్టింగు సంగతి, అంతా చెప్పాడు. "నీ సరుకు మంచిదేరా. నాకే చూడటం రాలేదు" అన్నాడు.

పెట్టెల తాత కోప్పడతాడనుకున్నాను. ఆయన కాసేపు నేల చూసి, ఏదో లెక్క తప్పినవాడిలా మెల్లగా అడిగాడు.

"అంటే, నేను దొంగ సరుకు అమ్మలేదా?"

అప్పుడు తెలిసింది మాకు. ఈ ఆరేళ్ళూ ఆయన మా తాత మీద కోపంతో లేడు. మా తాత చెప్పిందే నిజమనుకున్నాడు. తనే తెలీక పదిమందికి దొంగ వస్తువు అంటగట్టానని, స్నేహితుడు నలుగురిలో నిజం చెప్పాడని, అది తప్పెలా అవుతుందని అనుకున్నాడు. లోపలి సంగతి ఎప్పుడూ మా తాతే కదా చూసి చెప్పేది.

"పోట్లాడి ఉండాల్సింది కదరా నువ్వు" అన్నాడు మా తాత.

"మీరు చూశానన్నారు. నేను చూడలేదు. ఏమని పోట్లాడను?"

లోపలికి వెళ్ళి బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి తెచ్చాడు. మూత తీస్తే దాన్నిండా పట్టీలు. జనం వెనక్కి ఇచ్చినవన్నీ. ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఎందుకు దాచారని అడిగాను. పారేస్తే ఎవరైనా ఏరి మళ్ళీ అమ్ముతారని, అమ్మితే ఇంకొకరు మోసపోతారని అన్నాడు.

వాళ్ళ టీవీకే మా కంప్యూటరు తగిలించాం. మొదటి జత పెట్టి, సెట్టింగు నొక్కాడు మా తాత. తెర మీద అంకె పడింది. పెట్టెల తాతకి కంట్లో శుక్లాలు, అంత దూరం ఆనదు.

"ఎంతమ్మా?" అని నన్నడిగాడు.

"మూడువేల రెండొందలు తాతా."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆయన తల తిప్పి గోడవైపు చూశాడు. "పోయినేడు తెలిసినా బాగుండేది. ఆవిడ అలానే అనుకుని పోయింది" అన్నాడు.

తర్వాత ఆయనే చెప్పాడు. కొట్టు మీద మాట వచ్చిన రోజు నుంచి మామ్మ కూరలకి మా వీధి మీదుగా వెళ్ళలేదట. మా ఇల్లు దాటితే మార్కెట్టు అయిదు నిమిషాల నడక. ఆవిడ రెండు వీధులు చుట్టు తిరిగి, మోకాళ్ళ నొప్పులతో, సంచి మోసుకుని వెళ్ళి వచ్చేదట. "మీ ఆవిడ ఎదురుపడితే ఏ మొహంతో చూడను, మనం అమ్మింది అలాంటిది కదా అనేది. ఎండైనా వానైనా అంతే. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు" అన్నాడు.

అంటే మామ్మది కోపం కాదు, సిగ్గు. వాకిట్లో ఏదో దులుపుతున్నట్టు నిలబడే మా అమ్మమ్మకి ఆ సంగతి తెలీదు. ఆ రాత్రి ఇంట్లో చెప్తే, అమ్మమ్మ చేతిలో పని ఆపి, "నేనే ఒకసారి మెట్లెక్కి వెళ్ళుండాల్సింది" అంది. తాతని ఈసారి వెక్కిరించలేదు.

డబ్బాలో పట్టీలన్నీ పరీక్ష చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ పదకొండింటికి వెళ్ళేవాళ్ళం. మా తాత పెట్టి చూసేవాడు, నేను అంకె చదివేదాన్ని, పెట్టెల తాత ఆ పట్టీ చుట్టిన కాగితం మీద ఆ అంకె రాసి మళ్ళీ చుట్టి డబ్బాలో నిలబెట్టేవాడు. పని ఉంది కాబట్టి మాటలు అక్కర్లేకపోయాయి. టీ ఆయనే పెట్టేవాడు. ఘోరంగా ఉండేది, తాగేసేవాళ్ళం. మూడోరోజు ఒక జత మాత్రం ఎన్ని గాళ్ళు మార్చినా, ఎన్నిసార్లు రుద్దినా, ఆ స్పీడు అందుకోలేదు. నిజంగానే చెడిపోయిన జత. మా తాత అది గబగబా ఊడదీసి పక్కన పెట్టబోయాడు.

"ఆగండి" అన్నాడు పెట్టెల తాత. "ఇదొక్కటీ మీరు చెప్పింది నిజమేనన్నమాట." అని నవ్వాడు. ఆరేళ్ళలో అదే మొదటిసారి అనుకుంటాను. మా తాతకి నవ్వు రాలేదు.

నాలుగోరోజు చివరి పట్టీ కూడా డబ్బాలోకి వెళ్ళాక, పెట్టెల తాత మూత పెట్టి, దాని మీద చెయ్యి వేసి అడిగాడు. "మరి ఇవిప్పుడు అమ్ముకోవచ్చా?"

మా తాత నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను. ప్లాన్లాయన కొన్నలాంటి చౌకరకం ఒకటో రెండో తప్ప, ఇప్పుడు వచ్చే బోర్డులకి ఆ పట్టీలు పట్టవు. గాడిలో గంటు ఉండే చోటే మారిపోయింది. ఆ రకం అడిగేవాళ్ళు ఊళ్ళో పట్టుమని పదిమంది కూడా లేరు, వాళ్ళకి ఉన్నవి సరిపోతాయి.

"ఇప్పుడు వీటిని ఎవరూ అడగట్లేదురా" అన్నాడు మా తాత.

పెట్టెల తాత తల ఊపి, డబ్బా తీసుకెళ్ళి మామ్మ కళ్ళజోడు పక్కన, అంచు బయటికి రాకుండా సర్ది పెట్టాడు.

ఆ రోజు అమ్మమ్మ కూరలు తెమ్మని చెప్పింది. మెట్లు దిగాక నేను మా ఇంటివైపు తిరిగాను, అటు నుంచే కదా మార్కెట్టు దగ్గర. మా తాత రెండోవైపు తిరిగాడు. ఆ వీధి చివరిదాకా వెళ్ళి, బట్టలుతికే చోటు దాటి, ఇంకో వీధి చుట్టి వెళ్ళాం. ఎండ మాడిపోతోంది. రెండుచోట్ల ఆగి మోకాలు పట్టుకున్నాడు. నేను సంచి లాక్కోబోతే ఇవ్వలేదు.

ఇప్పటికీ అంతే. రోజు విడిచి రోజు పదకొండింటికి ఫ్లాస్కులో టీ తీసుకుని వెనక వీధికి వెళ్తాడు. ఆ టీ అమ్మమ్మ పెడుతుంది. పెట్టెల తాత ఇంకా "రండి" అనే అంటాడు. ఇద్దరూ గంటసేపు కూర్చుంటారు. తర్వాత మా తాత కూరలకి వెళ్తాడు, ఆ చుట్టుదారినే. మా గుమ్మం ముందు నుంచి మార్కెట్టుకి వెళ్ళడం ఆయన పూర్తిగా మానేశాడు.

మొన్న వానలో తడుస్తూ ఆ వీధిలో ఎదురయ్యాడు. "దగ్గరి దారి ఉందిగా తాతా" అన్నాను.

"ఉంది" అన్నాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.